ఆరు కేబీ ప్లాస్మిడ్ ఎక్కడ పోయింది: నెల్లూరు ఆస్పత్రి ఐసోలేట్ల సీక్వెన్సింగ్ డైరీ

ఆస్పత్రి బ్యాక్టీరియాలో యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ మోసే ప్లాస్మిడ్‌లను (క్రోమోజోమ్‌కి బయట విడిగా ఉండే డీఎన్ఏ రింగులు) సీక్వెన్స్ చేద్దామని, అంటే వాటి డీఎన్ఏ అక్షరాలు చదువుదామని, దిగే జిల్లా స్థాయి ల్యాబ్‌లకి పేపర్లలో పద్ధతి దొరుకుతుంది గానీ, ఆ పద్ధతి ఏ మెట్టు దగ్గర జారుతుందో దొరకదు. అందుకే ఈ డైరీ. జారిన చోట్లన్నీ కొలతలతో సహా పెడుతున్నా, పనికొచ్చింది తీసుకోండి.

సామాను సంగతి ముందే చెప్పేస్తా. నెల్లూరులో ఒక టీచింగ్ ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబ్, ఒక మినయాన్ (నానోపోర్ పద్ధతిలో పొడవైన డీఎన్ఏ ముక్కలు చదివే చిన్న సీక్వెన్సర్), ఒక క్యూబిట్ (డీఎన్ఏ ఎంతుందో కొలిచే మెషీన్), పాత పీసీఆర్ మెషీన్, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు (ఆర్‌టీఎక్స్ 3060) ఉన్న గేమింగ్ డెస్క్‌టాప్, 64 జీబీ ర్యామ్. కావలి, ఆత్మకూరు, గూడూరు, కందుకూరు, ఇటు కనిగిరి నుంచి కూడా పేషెంట్లు వస్తారు, చాలామంది అప్పటికే ఊళ్లో రెండు మూడు రకాల యాంటీబయాటిక్ వాడి ఉంటారు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది. పేషెంట్ పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు మా ఫైల్లోకి రావు, ల్యాబ్ కోడ్ ఒక్కటే వస్తుంది.

దశ 1: ఐసోలేట్లు, డిస్కులు

24 ఐసోలేట్లతో (పేషెంట్ శాంపిల్ నుంచి విడదీసి పెంచిన బ్యాక్టీరియా) మొదలు. మూత్రం, రక్తం, ఈటీ ట్యూబ్ (శ్వాస గొట్టం) స్రావాలు, పుండు చీము. అన్నీ మెరోపెనెమ్ 10 మైక్రోగ్రామ్ డిస్క్ చుట్టూ 22 ఎంఎం లేదా అంతకంటే తక్కువ జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) ఇచ్చినవే (సీఎల్‌ఎస్‌ఐ అనే ప్రమాణాల సంస్థ లెక్కలో 23 లేదా పైన ఉంటే మందు పనిచేస్తుంది, 19కి దిగితే చేయదు). రెసిస్టెన్స్ ఉందంటే కార్బపెనిమేజ్ (మెరోపెనెమ్ లాంటి మందుల్ని తుంచే) ఎంజైమ్ ఉందని కాదు, గోడలో రంధ్రాలు మూసుకుపోయి సీటీఎక్స్-ఎం లాంటి వేరే ఎంజైమ్ తోడైనా జోన్ తగ్గుతుంది. కాబట్టి సీక్వెన్సింగ్ డబ్బులు తగలెయ్యకముందు ఎంసీఐఎం (కార్బపెనిమేజ్ ఉందా), ఈసీఐఎం (ఉంటే ఏ రకం) అనే పరీక్షలు రెండూ చేయాలి.

1. 2 ఎంఎల్ ట్రిప్టికేస్ సోయ్ బ్రాత్ రెండు ట్యూబుల్లో. రెండోదాంట్లో మాత్రం 0.5 మోలార్ ఈడీటీఏ 20 మైక్రోలీటర్లు.
2. రాత్రి పెరిగిన కల్చర్ 1 మైక్రోలీటర్ లూప్ నిండా ఒక్కోదాంట్లో కలపాలి, మెరోపెనెమ్ డిస్క్ వేయాలి.
3. 35 డిగ్రీల్లో 4 గంటలు. పావుగంట అటూఇటూ ఫర్వాలేదు, అంతకుమించి వద్దు.
4. డిస్క్ తీసేటప్పుడు ట్యూబ్ గోడకి అదిమి బ్రాత్ కారనిచ్చి, ఏటీసీసీ 25922 ఈ.కోలై (మెరోపెనెమ్‌కి లొంగే ప్రామాణిక రకం) పరిచిన ముల్లర్ హింటన్ ప్లేట్ మీద పెట్టాలి.
5. మరుసటి రోజు కొలత: 6 నుంచి 15 ఎంఎం పాజిటివ్, 16–18 తేలనిది, 19, ఆపైన నెగెటివ్. ఈడీటీఏ ట్యూబ్ డిస్క్ జోన్ 5 ఎంఎం లేదా అంతకుమించి పెరిగితే ఎన్‌డీఎం లాంటి మెటల్లో (లోహం సాయంతో పనిచేసే) కార్బపెనిమేజ్ ఎంజైమ్ ఉన్నట్టు.

రెండు ఐసోలేట్లు 17 దగ్గర ఆగాయి. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఇంక్యుబేటర్ మళ్లీ మొదటినుంచి లెక్క మొదలుపెడుతుంది, బయట డిస్‌ప్లే 35 చూపిస్తుంటే లోపల పెట్టిన థర్మామీటర్ 31 చెప్పింది. ట్యూబులు ఎసెన్షియల్ లైన్ మీదున్న వాటర్‌బాత్‌లోకి మార్చాక అవే ఐసోలేట్లు 13, 14 ఎంఎం ఇచ్చాయి.

ఇంకోటి. సాదా న్యూట్రియంట్ అగార్ స్లాంట్‌ల మీద నెలల తరబడి మార్చుకుంటూ వచ్చిన ఐసోలేట్ ఒకటి ఏకంగా మెరోపెనెమ్‌కి లొంగిపోయింది. మందు ఒత్తిడి లేకపోతే ప్లాస్మిడ్ మోసే ఖర్చు ఎందుకని బ్యాక్టీరియా వదిలేస్తుంది, అన్నీ వదలవు గానీ కొన్ని వదులుతాయి. అప్పటినుంచి స్టాక్ తీసిన ప్రతిసారీ మెరోపెనెమ్ 0.5 మైక్రోగ్రామ్/ఎంఎల్ ఉన్న మెకాంకీ మీదే గీస్తున్నాం, డీఎన్ఏ తీసే బ్రాత్‌లో కూడా అంతే మందు.

లెక్క: ఐసోలేట్లు 24. ఎంసీఐఎం పాజిటివ్ 21 (అందులో ఈసీఐఎం పాజిటివ్ 12, నెగెటివ్ 9). సీక్వెన్సింగ్‌కి తీసుకున్నవి 16, క్లెబ్సియెల్లా 12, ఈ.కోలై 4. ఈ పదహారులో ఈసీఐఎం నెగెటివ్‌లు 7. ఈ ఏడు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.

దశ 2: డీఎన్ఏ, అంటే క్లెబ్సియెల్లా జిగురుతో కుస్తీ

ఈ.కోలైకి కాలమ్ కిట్ చక్కగా సరిపోయింది. క్లెబ్సియెల్లాకి కాదు. దాని క్యాప్సూల్ పాలీశాకరైడ్ డీఎన్ఏతో పాటే వచ్చేస్తుంది, కాలమ్ మూసుకుపోతుంది, వచ్చిన ద్రవం పిపెట్ కొన నుంచి తీగలాగా వేలాడుతుంది. మొదటి బ్యాచ్‌లో ఒక ట్యూబ్ కొలతలు: నానోడ్రాప్‌లో (ద్రవం ఎంత కాంతి పీల్చుకుందో చూసి కొలిచే మెషీన్) 412 నానోగ్రామ్/మైక్రోలీటర్, అదే ట్యూబ్ క్యూబిట్‌లో 61. 260/280 (ప్రొటీన్ కల్తీ చూపే నిష్పత్తి) చూస్తే 1.9, అందంగా ఉంది. 260/230 మాత్రం 0.9. నానోడ్రాప్ ఆర్ఎన్ఏని కూడా డీఎన్ఏ లెక్కలోనే కలిపేస్తుంది, కాబట్టి ఆ 412ని నమ్మి డైల్యూట్ చేస్తే లైబ్రరీలోకి (సీక్వెన్సర్‌కి సిద్ధం చేసిన డీఎన్ఏ) వెళ్లేది దాదాపు ఏడో వంతే. 260/280 బాగుంది కదా అని ముందుకు పోయేవాళ్లకి చెప్పేది, పాలీశాకరైడ్ జాడ 260/230లో తెలుస్తుంది.

మార్చినవి మూడు. కల్చర్ 5 ఎంఎల్ నుంచి 1.5 ఎంఎల్‌కి తగ్గించాం, ఎక్కువ కణాలంటే ఎక్కువ జిగురే. ఆర్ఎన్ఏజ్ ఎ (ఆర్ఎన్ఏని తుంచే ఎంజైమ్) చేర్చాం. కాలమ్ వదిలేసి పాత సీటాబ్ (పాలీశాకరైడ్‌ని పట్టి పడేసే డిటర్జెంట్) పద్ధతికి వచ్చాం.

1. 1.5 ఎంఎల్ కల్చర్ పెల్లెట్, 567 మైక్రోలీటర్ల టీఈలో (డీఎన్ఏ నిల్వ ఉంచే బఫర్) కలపాలి. 10 శాతం ఎస్‌డీఎస్ 30 మైక్రోలీటర్లు, ప్రొటినేజ్ కె (20 ఎంజీ/ఎంఎల్) 3 మైక్రోలీటర్లు, ఆర్ఎన్ఏజ్. 37 డిగ్రీలు, గంట.
2. 5 మోలార్ ఉప్పు నీళ్లు 100 మైక్రోలీటర్లు. బాగా కలపాలి. ఇది సీటాబ్ కంటే ముందే పడాలి.
3. సీటాబ్/ఉప్పు ద్రావణం 80 మైక్రోలీటర్లు, 65 డిగ్రీలు, 10 నిమిషాలు.
4. సమానంగా క్లోరోఫాం–ఐసోఅమైల్ ఆల్కహాల్, మెల్లిగా తిప్పడం, స్పిన్. మధ్యలో తెల్లటి పొర కనిపిస్తుంది, అదే మన శత్రువు. పైనున్న ద్రవం మాత్రమే తీయాలి, పొర దగ్గరకి పోతే ఆశ పడొద్దు, అక్కడే ఆపాలి.
5. ఆ పొర కనిపించనంత వరకు 4 మళ్లీ చేయాలి.
6. 0.6 వంతు ఐసోప్రొపనాల్, 70 శాతం ఇథనాల్ కడుగు రెండుసార్లు, టీఈలో కరగనివ్వాలి. వోర్టెక్స్ వద్దు. టిప్ కొన బ్లేడుతో కోసి వాడాలి.

రెండో మెట్టు గురించి ఒక మాట. ఉప్పు చాలకపోతే సీటాబ్ పాలీశాకరైడ్‌ని కాకుండా డీఎన్ఏనే పట్టుకుని కింద పడేస్తుంది. పైద్రవంలో ఏమీ మిగలదు, క్యూబిట్ "టూ లో" అంటుంది, కారణం తెలియక జుట్టు పీక్కోవాలి. అలాగే ఏసీ గదిలో సీటాబ్ బాటిల్ గడ్డకట్టి ఉంటుంది, అడుగున తెల్లగా పేరుకున్నదాన్ని 65 డిగ్రీల్లో పూర్తిగా కరిగించాకే పిపెట్ పెట్టాలి.

తర్వాతి కొలతలు: క్యూబిట్ 70 నుంచి 140 మధ్య, 260/230 చాలావాటికి 1.9–2.1. ఒక్క మొండి క్లెబ్సియెల్లా (కోడ్ ఎన్11) ఎంత చేసినా 1.4 దాటలేదు. దాన్ని అలాగే పంపాం.

లెక్క: డీఎన్ఏ పాసైనవి 15, అనుమానంతో 1.

దశ 3: షార్ట్ రీడ్‌లు

ఇల్యుమినా (చిన్న ముక్కలుగా చదివే సీక్వెన్సర్) మా దగ్గర లేదు, బయటికి పంపాం. మే నెల ఎండకి డబ్బాలో జెల్ ప్యాకులు గమ్యం చేరేలోపే నీళ్లయ్యాయి, టీఈలో శుభ్రంగా ఉన్న డీఎన్ఏకి ఏమీ కాలేదు, టెన్షన్ పడటమే మిగిలింది. 2×150 బేస్‌ల రీడ్‌లు (చదివిన ఒక్కో ముక్క ఒక రీడ్, ఒక్కో డీఎన్ఏ అక్షరం ఒక బేస్), జీనోమ్ మీద 100 రెట్ల పైన డెప్త్ (ప్రతి అక్షరం సగటున అన్నిసార్లు చదివినట్టు).

యూనిసైక్లర్ ప్రోగ్రాంతో రీడ్‌లు కూర్చితే ఒక్కో జీనోమ్ 80 నుంచి 140 ముక్కలు. ఏ జీన్‌లు ఉన్నాయో మాత్రం రెసిస్టెన్స్ జీన్‌లు వెతికే ఏఎంఆర్‌ఫైండర్ ప్లస్ వెంటనే చెప్పేసింది. ఎన్‌డీఎం 11 ఐసోలేట్లలో, ఆక్సా-232 (ఆక్సా-48 కుటుంబం, మెటల్లో కాని కార్బపెనిమేజ్) తొమ్మిదింట్లో, రెండూ కలిసి నాలుగింట్లో. సీటీఎక్స్-ఎం-15 దాదాపు అన్నింటిలో.

డిపార్ట్‌మెంట్‌లో అడిగారు, ఇందులో కొత్తేముందని. జీన్‌లలో ఏమీ లేదు. ఎన్‌డీఎం-1ని 2009లోనే వర్ణించారు, ఢిల్లీలో చికిత్స చేయించుకుని స్వీడన్ వెళ్లిన పేషెంట్‌లో దొరికిన క్లెబ్సియెల్లా నుంచి. మాకు కావలసింది జీన్ ఉందా లేదా అన్నది కాదు, ఏ ప్లాస్మిడ్ మీద కూర్చుని ఉంది, ఆ ప్లాస్మిడ్ ఒక జాతి నుంచి ఇంకో జాతికి పోగలదా అన్నది. అక్కడే షార్ట్ రీడ్ చేతులెత్తేసింది.

ఎన్‌డీఎం ఉన్న ముక్క చాలా ఐసోలేట్లలో 3–5 కేబీ (వెయ్యి బేస్‌లు ఒక కేబీ) మించలేదు. రెండు కొసల్లోనూ ఐఎస్26 లాంటి గెంతే ముక్కలు. ఐఎస్26 పొడవు 820 బేస్‌లు, అదే ముక్క ఒకే కణంలో పది చోట్ల ఉంటుంది, మన రీడ్ పొడవేమో 150. ఐఎస్26లోకి వెళ్లిన రీడ్ అవతలికి ఎక్కడ తేలాలో దానికి తెలియదు. మాగుంట లేఅవుట్‌లో ఒకే మోడల్ గేట్లున్న ఇళ్ల వరస నుంచి గేటు ఫొటో ఒక్కటి ఇచ్చి ఇది ఎవరిల్లో చెప్పమన్నట్టు. ప్లాస్మిడ్ రకాలు చెప్పే ప్లాస్మిడ్‌ఫైండర్ ప్రోగ్రాం ఇంక్‌ఎఫ్‌ఐఐ, ఇంక్‌ఎఫ్‌ఐబీ, ఇంక్‌ఎక్స్3 అని మూడు నాలుగు పేర్లు ఇస్తుంది, వాటిలో ఎన్‌డీఎం ఏదాని మీద ఉందో చెప్పలేదు. వేరే ముక్కల మీదున్న రెప్లికాన్ (ప్లాస్మిడ్ రకం తెలిపే భాగం) పేరుని జీన్ పక్కన రాసేసి "ఇంక్‌ఎఫ్ ప్లాస్మిడ్ మీద ఎన్‌డీఎం" అని ప్రకటించే పోస్టర్లు చూశాను. అది ఊహే, ఫలితం కాదు.

ఆక్సా-232 కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంది. అది కోల్‌కేపీ3 అనే చిన్న ప్లాస్మిడ్ మీద ఉంటుంది, 6.1 కేబీ, కణానికి చాలా కాపీలు. గందరగోళం పెట్టే రిపీట్‌లు లేవు కాబట్టి షార్ట్ రీడ్‌లతోనే తొమ్మిదింట్లోనూ ఒకే గుండ్రటి ముక్కగా మూసుకుంది, డెప్త్ క్రోమోజోమ్ కంటే 10–14 రెట్లు.

లెక్క: షార్ట్ రీడ్ జీనోమ్‌లు 16. ప్లాస్మిడ్ మీద జీన్ స్థానం తేలినవి: ఆక్సా-232 తొమ్మిదికి తొమ్మిది, ఎన్‌డీఎం పదకొండుకి సున్నా.

దశ 4: లైగేషన్ కిట్, మాయమైన ప్లాస్మిడ్

మినయాన్ ఫ్లో సెల్ (డీఎన్ఏ చదివే చిప్, ఆర్10.4.1) వచ్చిన రోజు చెక్ చేస్తే 1,312 పోర్‌లు (డీఎన్ఏ దూరి వెళ్లే రంధ్రాలు). 800 కంటే తక్కువుంటే కంపెనీ మార్చి ఇస్తుంది, కాబట్టి వచ్చిన వెంటనే చెక్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. దాన్ని 4–8 డిగ్రీల్లో ఉంచాలి. ఒక సోమవారం పొద్దున ఫ్రిజ్ లైట్ వెలగలేదు.

"ఏం నా, ప్లగ్ ఎవురు తీసింది?"

"నేను తీయలా అబ్బా, స్టెబిలైజరే కాలిపోయుండాది."

మళ్లీ చెక్: 1,047. బతికిపోయాం. ఆ తర్వాత ఫ్రిజ్‌లో గరిష్ఠ–కనిష్ఠ థర్మామీటర్ పెట్టాం, చవకైనదే, శనివారం సాయంత్రం జీరో చేసి సోమవారం చూస్తాం.

12 ఐసోలేట్లు, నేటివ్ బార్‌కోడింగ్ లైగేషన్ కిట్ (ఒక్కో ఐసోలేట్ డీఎన్ఏకి వేరే గుర్తు ముక్క, అంటే బార్‌కోడ్, అతికించి అన్నీ కలిపి చదివేది). ఈ పన్నెండులో ఆక్సా-232 ఉన్నవి 7. మధ్యలో ఏసీ ట్రిప్ అయి గది 36 డిగ్రీలకి పోయినప్పుడు ఫ్లో సెల్ ఉష్ణోగ్రత గురించి మినయాన్‌ని నడిపే మిన్‌నో ప్రోగ్రాం హెచ్చరిక ఇచ్చింది, ఆ అరగంట డేటా నాణ్యత గ్రాఫ్‌లో పల్లంలా కనిపిస్తుంది. మొత్తం 6.8 గిగాబేస్‌లు, రీడ్ ఎన్50 14 కేబీ (డేటాలో సగం అంత లేదా అంతకంటే పొడవైన రీడ్‌లలో ఉన్నట్టు). బేస్‌కాలింగ్ (పోర్ సిగ్నల్‌ని అక్షరాలుగా మార్చడం) డొరాడోతో, సూపర్ అక్యురసీ మోడల్. మా కార్డు మీద రాత్రంతా నడిచి మరుసటి మధ్యాహ్నం దాకా పట్టింది, కరెంటు పోతే మొదటికి రాకుండా "రెజ్యూమ్ ఫ్రమ్" ఆప్షన్ ఉంది, ముందే చదివి పెట్టుకోండి.

ఫ్లై అనే ప్రోగ్రాంతో కూర్చితే క్రోమోజోమ్‌లు గుండ్రంగా మూసుకున్నాయి, 5.3 నుంచి 5.5 మెగాబేస్‌లు. ఎన్‌డీఎం ప్లాస్మిడ్‌లు బయటపడ్డాయి. ఆక్సా-232 మాత్రం ఏడింట్లో ఒక్కదాంట్లోనూ లేదు.

అనుమానాలు వరసగా పెట్టుకుని ఒక్కోటి తీసేశాం.

1. షార్ట్ రీడ్‌లో కల్తీ వచ్చిందా? అదే డీఎన్ఏ ట్యూబ్‌ల నుంచి ఆక్సా-48 కుటుంబం పీసీఆర్ చేశాం, 438 బేస్‌ల బ్యాండ్ ఏడింట్లోనూ వచ్చింది. కల్తీ కాదు, ట్యూబ్‌లో ప్లాస్మిడ్ ఉంది.
2. ఫిల్టర్ తీసేసిందా? అసెంబ్లీ నీట్‌గా రావాలని ఫిల్ట్‌లాంగ్‌లో 8 కేబీ కంటే చిన్న రీడ్‌లు తీసేయమన్నాం. 6.1 కేబీ ప్లాస్మిడ్‌ని ఒకచోట కోస్తే వచ్చే రీడ్ 6.1 కేబీ. ఎంత కాపీలున్నా మొత్తం కొట్టుకుపోతుంది. ఫిల్టర్ తీసి మళ్లీ నడిపితే ఏడింట్లో ఒక్కటి దొరికింది. అంటే ఇది ఒక కారణం, అసలు కారణం కాదు.
3. మ్యాగ్నెటిక్ బీడ్ కడుగులో పోయిందా? లాంగ్ ఫ్రాగ్మెంట్ బఫర్ 3 కేబీ కంటే చిన్నవాటిని తగ్గిస్తుంది. 6 కేబీ అందులో పోకూడదు.
4. మిగిలింది లైగేషనే. ఫిల్టర్ లేని రీడ్‌లను మినిమ్యాప్2తో 6.1 కేబీ ముక్క మీద పరిచాం. దొరికిన ఆ ఒక్కదాంట్లో 60కి పైగా రీడ్‌లు, మిగతా ఆరింట్లో నాలుగైదు చొప్పున. క్రోమోజోమ్ డెప్త్ 100 ఉన్నచోట.

లైగేషన్ అడాప్టర్ డీఎన్ఏ కొసకి అతుక్కుంటుంది. క్రోమోజోమ్ పిపెటింగ్‌లో ఎలాగూ తెగుతుంది కాబట్టి దానికి కావలసినన్ని కొసలు. ఆరు కేబీ రింగ్ అంత తేలిగ్గా తెగదు. గుండ్రంగా ఉన్నదానికి కొస ఎక్కడిది? అడాప్టర్ లేదు, పోర్‌లోకి పోదు, లేనట్టే లెక్క. మేం డీఎన్ఏని ఎంత జాగ్రత్తగా, కోసిన టిప్‌లతో, వోర్టెక్స్ లేకుండా తీశామో, చిన్న ప్లాస్మిడ్‌కి అంత అన్యాయం చేశామన్నమాట. నానోపోర్‌లో చిన్న ప్లాస్మిడ్‌లు పోతాయని బయోఇన్ఫర్మాటిక్స్ వాళ్లు రాశారు కూడా, కానీ కిట్ కొనేటప్పుడు మన దృష్టి రీడ్ పొడవు మీదే ఉంటుంది.

ఇంకో ప్రమాదం. ఆక్సా-232 లేని ఐసోలేట్‌ల బార్‌కోడ్‌లలో కూడా ఒకటి, రెండు, మూడు రీడ్‌లు ఆ ప్లాస్మిడ్‌వి కనిపించాయి, బార్‌కోడ్ తారుమారు వల్ల. కాబట్టి నాలుగు రీడ్‌లు చూసి "ఉంది" అనడానికి లేదు, "లేదు" అనడానికీ లేదు.

లెక్క: లాంగ్ రీడ్ జీనోమ్‌లు 12. ఎన్‌డీఎం స్థానం తేలినవి 7. ఆక్సా-232 దొరికినవి ఏడింట్లో 1. ఆ ప్లాస్మిడ్ డెప్త్, క్రోమోజోమ్‌ని 1 అనుకుంటే: షార్ట్ రీడ్‌లో సుమారు 12, లైగేషన్‌లో చాలావాటికి 0.05.

దశ 5: ర్యాపిడ్ కిట్

ర్యాపిడ్ బార్‌కోడింగ్ కిట్‌లో కొసలతో పని లేదు. ట్రాన్స్‌పోజేజ్ ఎంజైమ్ డీఎన్ఏని ఎక్కడపడితే అక్కడ కోసి, కోసినచోటే బార్‌కోడ్ అతికిస్తుంది. రింగ్‌ని ఒకచోట కోసిందంటే మొత్తం ప్లాస్మిడ్ ఒక్క రీడ్‌గా వస్తుంది.

1. ఒక్కో ఐసోలేట్ 10 మైక్రోలీటర్లలో 200 నానోగ్రామ్‌లు. క్యూబిట్ లెక్కతో మాత్రమే.
2. బార్‌కోడ్ కలిపి 30 డిగ్రీల్లో 2 నిమిషాలు, 80 డిగ్రీల్లో 2 నిమిషాలు.
3. పదహారింటినీ ఒక ట్యూబ్‌లో కలిపి, అంతే పరిమాణం బీడ్‌లు, కడుగు, ఎల్యూషన్.
4. ర్యాపిడ్ అడాప్టర్, లోడింగ్.
5. ఫిల్టర్ 1 కేబీకి దించాలి. నాణ్యత ప్రకారం తీయొచ్చు, పొడవు ప్రకారం వద్దు.

డీఎన్ఏ తక్కువ వేయకండి, "కొంచెమైనా సరిపోతుందిలే" అనిపించినా సరే. ఎంజైమ్ మోతాదు మారదు కాబట్టి తక్కువ డీఎన్ఏ ఎక్కువ ముక్కలవుతుంది.

కొత్త ఫ్లో సెల్, 1,265 పోర్‌లు. 16 ఐసోలేట్‌లకి 7.9 గిగాబేస్‌లు, ఎన్50 14 నుంచి 7 కేబీకి పడిపోయింది. ఆ 7 కేబీని చూసి మనసు చివుక్కుమంటుంది, పట్టించుకోకండి. నానోప్లాట్ హిస్టోగ్రాం (రీడ్ పొడవుల గ్రాఫ్) తెరిస్తే ఆక్సా-232 ఉన్న తొమ్మిదింట్లోనూ సరిగ్గా 6.1 కేబీ దగ్గర నిటారుగా ఒక స్తంభం. అసెంబ్లర్ నడపకముందే కళ్లకి కనిపించే సాక్ష్యం ఇది. లైగేషన్ రన్ హిస్టోగ్రాంలో అక్కడ ఏమీ లేదు.

ఎన్11కి (ఆ 1.4 వాడు) మిగతావాటి సగటులో ఆరో వంతు డేటా వచ్చింది. క్యూబిట్‌లో సరిగ్గా 200 నానోగ్రామ్‌లు వేసినా అంతే, జిగురు ఎంజైమ్‌ని పనిచేయనివ్వలేదు. చివరికి దాన్ని సీటాబ్ మెట్టు ఇంకోసారి దాటించి, ఫ్లో సెల్‌ని వాష్ కిట్‌తో కడిగి, వేరే బార్‌కోడ్ నంబరుతో ఎక్కించాం. కడిగాక కూడా పాత లైబ్రరీ కొంచెం మిగులుతుంది కాబట్టి బార్‌కోడ్ నంబరు మార్చడం తప్పనిసరి.

ఫ్లై మీదే ఆధారపడితే రెండు ఐసోలేట్లలో చిన్న ప్లాస్మిడ్ ఒకదానికొకటి అతుక్కున్న జంటగా, 12.2 కేబీగా వచ్చింది. షార్ట్ రీడ్ రింగ్, స్తంభం రెండూ 6.1 అంటుంటే 12.2ని నమ్మక్కర్లేదు. ప్లాస్మిడ్‌లు కూర్చే ప్లాసెంబ్లర్ ప్రోగ్రాంకి షార్ట్, లాంగ్ రెండూ ఇస్తే సరైన సైజు ఇచ్చింది. చివర్లో పాలీపాలిష్‌తో షార్ట్ రీడ్ పాలిష్ (షార్ట్ రీడ్‌లు చూసి తప్పు అక్షరాలు దిద్దడం).

లెక్క: ఆక్సా-232 తొమ్మిదికి తొమ్మిది, డెప్త్ 5–8 రెట్లు. పూర్తిగా మూసుకున్న జీనోమ్‌లు 14. ఇంకా తేలనివి 2.

దశ 6: చదివితే ఏం తెలిసింది

దశ 1లో ఈసీఐఎం నెగెటివ్ అన్న ఏడు గుర్తున్నాయా. వాటిలో ఐదింట్లో ఆక్సా-232 మాత్రమే ఉంది, టెస్ట్ చెప్పింది నిజం. మిగతా రెండింట్లో ఎన్‌డీఎం-5 కూడా ఉంది. ఈడీటీఏ ఎన్‌డీఎం నోరు మూయించినా పక్కనే ఆక్సా-232 మెరోపెనెమ్‌ని నమిలేస్తుంటే జోన్ 5 ఎంఎం పెరగదు. రెండు ఎంజైమ్‌లు కలిసున్నచోట ఈసీఐఎం నెగెటివ్‌ని నమ్మకూడదు. వార్డులో దీనికి అర్థం ఉంది. సెఫ్టాజిడిమ్–అవిబాక్టమ్ ఆక్సా-48 రకాల మీద పనిచేస్తుంది, ఎన్‌డీఎం మీద చేయదు, అక్కడ ఆజ్ట్రియోనామ్ తోడు కావాలి. ఒక నెగెటివ్ చూసి ఖరీదైన మందు ఒంటరిగా మొదలుపెడితే ఆ రెండు కేసుల్లో వృథా.

ఆక్సా-232 క్లెబ్సియెల్లాలో ఎక్కువ భాగం ఎస్‌టీ231 అనే వంశం. భారత్‌లో ఈ జంట బాగా తెలిసినదే, మాకు ఆశ్చర్యం లేదు.

ఎన్‌డీఎం-5 రెండు చోట్ల ఉంది, కొన్నింట్లో 100 కేబీ దాటిన ఇంక్‌ఎఫ్‌ఐఐ ప్లాస్మిడ్‌ల మీద, ఇంకొన్నింట్లో 46 కేబీ ఇంక్‌ఎక్స్3 మీద. ఒకే వార్డు నుంచి వచ్చిన ఒక ఈ.కోలైలో, ఒక క్లెబ్సియెల్లాలో ఇంక్‌ఎక్స్3 దాదాపు అక్షరం తేడా లేకుండా ఒక్కటే. ఇది చూసి అందరూ ఎగిరారు, వార్డులోనే ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయిందని. నేను అంత దూరం పోను. ఇంక్‌ఎక్స్3 ఎన్‌డీఎం-5 ప్లాస్మిడ్‌లు ఖండాలు దాటినా దాదాపు ఒకేలా ఉంటాయి, చైనాలో దొరికిన వాటితో పోల్చినా మా దానికి తేడా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకేలా ఉండటం ఇక్కడ సాక్ష్యం కాదు. ఇద్దరు పేషెంట్లు ఒకే సమయంలో పక్కపక్క మంచాల్లో ఉన్నారా, సింక్‌లో ఏముంది, అవి కావాలి.

రొయ్యల చెరువుల సంగతేంటని కూడా అడిగారు. నెల్లూరులో ఏం జరిగినా చెరువు మీదకి తోసెయ్యడం సులువు. మేం చెరువు నీళ్లు ఒక్క సీసా కూడా తీయలేదు, కాబట్టి ఈ డేటాతో దాని గురించి ఒక్క ముక్క కూడా అనలేం.

దశ 7: ప్లాస్మిడ్ నిజంగా పోతుందా

జే53 ఈ.కోలై (సోడియం అజైడ్‌కి తట్టుకునే రకం) రెసిపియెంట్‌గా (ప్లాస్మిడ్ పుచ్చుకునేదిగా) కాంజుగేషన్ (ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి ప్లాస్మిడ్ అందించడం). అజైడ్ 100 మైక్రోగ్రామ్/ఎంఎల్ (డోనర్‌ని ఆపడానికి), మెరోపెనెమ్ 0.5 (ప్లాస్మిడ్ అందని జే53ని ఆపడానికి). మొదటి ప్లేట్‌ల నిండా కాలనీలు, కానీ డోనర్ (ప్లాస్మిడ్ ఇచ్చే మా ఐసోలేట్) ఒక్కదాన్నే పూసిన కంట్రోల్ ప్లేట్‌లో కూడా అవే. క్లెబ్సియెల్లా ఆ మోతాదు అజైడ్‌లో నెమ్మదిగా పెరుగుతోంది. 150కి పెంచాక కంట్రోల్ ఖాళీ అయ్యింది. మెకాంకీ రంగు సాయం చేయదు, రెండూ లాక్టోజ్ తినేవే. సైమన్స్ సిట్రేట్ గొట్టం చాలు: క్లెబ్సియెల్లా నీలంగా మారుస్తుంది, ఈ.కోలై మార్చదు. పీసీఆర్ ఖర్చు కంటే ఇది ముందు.

ఇంక్‌ఎక్స్3 ప్లాస్మిడ్ సులువుగా వెళ్లింది, వచ్చిన కాలనీల్లో ఎన్‌డీఎం 621 బేస్‌ల బ్యాండ్ ఉంది. ఆక్సా-232 ఒక్కటే ఉన్న డోనర్‌ల నుంచి ఏమీ రాలేదు, ఆ చిన్న ప్లాస్మిడ్ తనంతట తాను కాంజుగేషన్ చేయలేదు. రెండూ ఉన్న డోనర్‌ల కాలనీల్లోనూ 438 బ్యాండ్ లేదు, కానీ మెరోపెనెమ్‌తో ఏరితే ఎన్‌డీఎం వచ్చిన ప్రతి కాలనీ బతుకుతుంది, ఆక్సా వెంట వచ్చిందా లేదా అన్నది ఆ ప్లేట్ పట్టించుకోదు. అందుకే "ఆక్సా పోదు" అని రాయలేదు, మా ప్లేట్‌లో కనిపించలేదు అని మాత్రమే రాసుకున్నాం.

మెడిసిన్ సార్‌కి రిపోర్ట్ చూపిస్తే నవ్వి, "మీ సీక్వెన్స్ వచ్చేసరికి మా పేషెంట్ డిశ్చార్జ్ అయిపోయుంటాడమ్మా" అన్నారు. నిజమే, ఇది ఆ పేషెంట్‌కి కాదు. ఆయనకి ఉపయోగపడింది ఒక్క చిన్న మార్పు: ఎంసీఐఎం పాజిటివ్, ఈసీఐఎం నెగెటివ్ వచ్చిన ప్రతి ఐసోలేట్‌కి ఇప్పుడు అదే రోజు ఎన్‌డీఎం, ఆక్సా-48 పీసీఆర్ చేసి ఫోన్‌లో చెప్తున్నాం. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ఐసీయూ సింక్‌ల స్వాబ్‌లు తీసి పెడుతున్నారు, అవి తర్వాతి బ్యాచ్.

ఇప్పటి లెక్క

ఐసోలేట్లు 24, సీక్వెన్స్ అయినవి 16, మూసుకున్నవి 14. ఫ్లో సెల్స్ రెండూ అయిపోయాయి, కడిగిన రెండోదాంట్లో 212 పోర్‌లు మిగిలాయి, పెద్ద రన్‌కి పనికిరాదు.

మిగిలిన రెండు ఐసోలేట్ల ముడి ఇది. ఒక్కోదాంట్లో రెండేసి ఇంక్‌ఎఫ్ ప్లాస్మిడ్‌లు, వాటి మధ్య 20 కేబీకి పైగా ఒకేలాంటి భాగం, ఎన్‌డీఎం సరిగ్గా ఆ భాగంలోనే ఉంది. ర్యాపిడ్ రీడ్‌లు దాన్ని దాటేంత పొడవు లేవు. ఈ రెండూ లైగేషన్‌లో వెళ్లినవే, అందులో 20 కేబీ దాటిన రీడ్‌లు ఉన్నాయి గానీ ఆ భాగాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా దాటినవి ఒక్కో ఐసోలేట్‌కి మూడే. వీటికి మళ్లీ లైగేషన్ కిట్టే కావాలి, పెద్ద ఎన్50తో. కొత్త ఫ్లో సెల్‌కి ఇండెంట్ పెట్టాం, సంతకం అకౌంట్స్ టేబుల్ దగ్గర ఉంది.